నాచు మేసిన రేవు

మా రేవులోకి ఆ నాచు ఎలా వచ్చిందని ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు: పెద్ద ఓడ పొట్టకి అంటుకుని వచ్చింది. టిక్కెట్టు లేదు, సామాను లేదు, ఎక్కడికని అడిగిన నాథుడు లేడు. మేం పక్క రేవు నుంచి ఒక పాత ఇంజను తెచ్చుకోవాలంటే నలుగురి సంతకాలు, పదిమందికి దణ్ణాలు. అది మాత్రం సముద్రాలు దాటి వచ్చి, మా నీళ్ళలో దిగి, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంది. ఏకు మేకు కావడానికి మామూలుగా కాస్త టైం పడుతుంది. ఇది వస్తూనే మేకై వచ్చి, చూస్తుండగా గునపమైంది.

ఎంత జోరుగా పెరిగేదంటే, మా బావ ఆవలించడానికి నోరు తెరిచేటప్పుడు జానెడు ఉన్నది నోరు మూసేసరికి మూరెడయ్యేది. మా బావ ఆవలింత కూడా కాస్త పొడుగే అనుకోండి. పక్క తెప్ప మామ తన పడవ కట్టేసి టీకి వెళ్ళి, తిరిగొచ్చేసరికి పడవ లేదు. దొంగలెత్తుకుపోయారని గుండెలు బాదుకుంటూ ఆ పక్కనే కూలబడ్డాడు. కూలబడింది పడవ మీదే. పైన నాచు దుప్పటి కప్పుకుని ఉంటే పోల్చుకోలేకపోయాడు. లంగరు వేస్తే కిందికి దిగేది కాదు, పరుపు మీద పడుకున్నట్టు నాచు మీద పడుకునేది. చేపలు దారి తప్పి వలల దగ్గరికొచ్చి దారి అడిగేవి. ఇవన్నీ నమ్మకపోతే మానండి. మా అక్క తెప్ప సంగతి మాత్రం ఉప్పూ కారం చల్లకుండా చెబుతాను. దానికి నేను కొత్తగా చల్లాల్సిందేమీ లేదు, రేవు మీద పెత్తనం చేసే చేపల ఆఫీసు వాళ్ళే దట్టంగా చల్లారు.

వాసాలు అడ్డంగా నిలువుగా కట్టి, కింద నీలం ప్లాస్టిక్ పీపాలు బిగించి నీళ్ళ మీద వదిలితే అదే తెప్ప. వాసాల నుంచి తాళ్ళు సముద్రంలోకి వేలాడుతుంటాయి. ఆ తాళ్ళను పట్టుకుని ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా పెరుగుతాయి. మేత వేయక్కర్లేదు, నీళ్ళు పోయక్కర్లేదు, ఉన్నచోటే ఉండి, దొరికిందే తాగి బలుస్తాయి. అల్లుడంటే అలా ఉండాలని మా అమ్మ మా బావ ముందే అనేది.

అంతకుముందు మా అక్క ఐసు షెడ్డులో చేపల పొట్టలు చీల్చేది. తెల్లారి లేచి ఐసులో చేతులు పెడితే సాయంత్రానికి అవి తనవో చేపలవో తెలిసేది కాదు. అన్నం కలుపుకుంటుంటే వేళ్ళకి వేడి తగిలేది కాదు, నాలుకే చెప్పాలి. అలా ఏళ్ళ తరబడి చీల్చి, చీల్చి, తన తెప్ప తను కట్టుకుంది. ఆల్చిప్పలు తాళ్ళకి పట్టుకుని మొదటిసారి నిండుగా కాసిన పంట అది. ఇంకాస్త ముదిరితే తీసేయొచ్చు. ఆ తెప్ప మునిగిందంటే మళ్ళీ ఐసు షెడ్డే. మా బావకీ నాకూ యజమాని మా అక్కే కాబట్టి, మేమిద్దరం ఎక్కడ తేలతామో ఆ సముద్రానికే తెలియాలి.

సరిగ్గా అప్పుడే నాచు మా అక్క తాళ్ళకి ఎక్కింది. ఆల్చిప్పల నోరు కప్పేసింది. తాళ్ళు బరువెక్కి వాసాలు కిర్రుమంటుంటే, పీపాలు మెడదాకా నీళ్ళలోకి దిగాయి.

మా రేవుకొక పద్ధతి ఉంది. వలలో పనికిరానిదేది పడినా గట్టుకి తేకూడదు. సముద్రానిది సముద్రానికే. పీతైనా, గవ్వైనా, ఎవడిదో తెగిన చెప్పైనా సరే, ఇంటికి పనికిరానిదైతే మర్యాదగా నీళ్ళలో వదిలేయాలి. తాతల నాటి నుంచీ అదే. అందుకని నాచునీ అలాగే చేశాం. పడవ అడుగులు గీకాం, తాళ్ళు గీకాం, గీకినదంతా బుట్టలకెత్తి నీళ్ళలో పోశాం. పోసిన చోటల్లా అది మళ్ళీ లేచింది. మేం ఇంకా గీకాం, ఇంకా పోశాం. పని ఇంత బాగా చేస్తున్నా ఫలితం ఇలా ఉందేమిటా అని మామ రోజూ తల గోక్కునేవాడు.

దాన్ని మొదట నోట్లో పెట్టినవాడు మా బావ. నోట్లో పెట్టుకోనిదే మా బావకి ఏ వస్తువూ అర్థం కాదు. చిన్నప్పుడు సబ్బుని కూడా అలాగే అర్థం చేసుకున్నాడట.

"ఒసేయ్, ఇది బాగుందే!" అన్నాడు, నోట్లోంచి పచ్చటి తోక వేలాడుతుండగా.

"నా పంటని తినేది నీకు బాగుందా? ఉమ్మెయ్!" అంది అక్క.

"నిజంగానే. ఉప్పగా, జారుగా, కరకరలాడుతూ... ఇదే కదే, మలుపులో పెద్ద కొట్టులో నల్లగా ఎండబెట్టి ప్యాకెట్లలో అమ్ముతారు? నీళ్ళలో వేస్తే విచ్చుకుంటుందే, అదీ."

అక్క వెళ్ళి చూసొచ్చింది. అదే. గాజు అలమరలో, మంచి దీపం కింద, అర్థంకాని అక్షరాల కాగితం చుట్టుకుని, రాజకుమారిలా కూర్చుంది. మా ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. తీసేద్దాం, తినగలిగినంత తిందాం, మిగిలింది తినేవాళ్ళకిద్దాం, తెప్ప తేలుతుంది అనుకున్నాం. మా అంత తెలివైనవాళ్ళు లేరనుకున్నాం. అంతలో ఆఫీసు వాళ్ళు వలల షెడ్డులో మీటింగన్నారు.

వచ్చినాయన్ని మేం ఇస్త్రీ ఆఫీసరు అంటాం. గాలి మా అందరి జుట్టూ పీకి పందిరేసే రోజున కూడా ఆయన చొక్కా మడత కదలదు. మేం వలల కుప్పల మీద కూర్చున్నాం, ఆయన తిరగేసిన బుట్ట మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు.

"ఇది పరాయి నాచు. మన నీళ్ళకి శత్రువు," అన్నాడు. "ఒకటి గుర్తుపెట్టుకోండి. దీని మొదలు దగ్గర కుచ్చిళ్ళలాంటిది ఉంటుంది. దాన్నిండా బీజాలే. కోసి నీళ్ళలో పారేశారా, మీ చేత్తో మీరు చల్లినట్టే."

మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మామ తల గోక్కోవడం ఆపేశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడని నిజం అబద్ధమైపోదు. ఆయన చెప్పింది నిజమే. అది ఒప్పుకుంటాను.

"అయితే సార్, ఇకనుంచి నీళ్ళలో పారెయ్యం," అంది అక్క. "గట్టుకి తెచ్చేస్తాం."

"గట్టుకి తేకూడదు."

"మరి?"

"నీళ్ళలోంచి తియ్యకూడదు, ఉంచుకోకూడదు, మొయ్యకూడదు, అమ్మకూడదు. నేరం."

"అయితే తాళ్ళ మీదే వదిలెయ్యమంటారా?"

"వదిలేస్తే పాకుతుంది కదమ్మా! అలా వదిలెయ్యకూడదు."

మామ గొంతు సవరించుకున్నాడు. "తియ్యకూడదు, వెయ్యకూడదు, తేకూడదు, వదలకూడదు. సార్, కనీసం దానికి దణ్ణం పెట్టుకోవచ్చా?"

అందరం నవ్వాం. ఆఫీసరు నవ్వలేదు. "విషయం పరిశీలనలో ఉంది," అన్నాడు.

"పరిశీలన ఎంత సేపు సార్?" అంది అక్క. "నా పీపాలు పరిశీలనలో లేవు, మునగడంలో ఉన్నాయి. గట్టుకి తెస్తే తప్పేంటో అది చెప్పండి."

ఆయన చిన్నపిల్లకి చెబుతున్నట్టు గొంతు మెత్తబరిచాడు. "చూడమ్మా. ఇవాళ తియ్యనిచ్చామనుకో, రుచి మరుగుతారు. రేపు అమ్ముకుంటారు. ఎల్లుండి మీరే దొంగతనంగా నాటుతారు. మీ సంగతి మాకు తెలీదా?"

మా అక్క లేచి నిలబడింది. ఆమె లేచిన ఊపుకి వలకున్న సీసపు గుళ్ళు గలగలలాడాయి.

"నేను నాటుతానా? నా పంట నోరు నొక్కేదాన్ని నేను తెచ్చి నాటుకుంటానా? ఇంట్లో దొంగ పడ్డాడు, పట్టుకుంటానయ్యా అంటే, పట్టుకోకు, రేపు నువ్వే దొంగల్ని పెంచుతావు అంటారా? ఏం మాటండీ అది?"

"కోపం తెచ్చుకోకూడదమ్మా."

"అదీ నేరమేనా?"

మా బావ సభల్లో మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం గోడ వైపు చూస్తూ, "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు," అన్నాడు. ఆఫీసరు రుమాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మడత కూడా ఇస్త్రీ మడతే.

తర్వాత కొన్నాళ్ళకే తెప్ప మూలన ఒక పీపా పూర్తిగా నీళ్ళ కిందికి పోయింది. తెప్ప ఒక చెయ్యి విరిగిన మనిషిలా వాలింది. అక్క ఒక తాడు పైకి లాగి చూస్తే, నాచు కింద ఆల్చిప్పలు కొన్ని నోళ్ళు తెరిచి ఉన్నాయి. నోరు తెరిచిన ఆల్చిప్ప అంటే పోయినట్టే. అక్క ఆ తాడుని మళ్ళీ నీళ్ళలోకి వదిలింది. ఆమె తిడితే మాకు భయం లేదు, తిట్టకపోతేనే భయం. చీర కొంగు దోపుకుని, "ఒరేయ్ కోతలోడా, పద ఆఫీసుకి," అంది నాతో.

ఆఫీసు గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి పైనే ఉండిపోతోంది, మా దాకా దిగడం లేదు. గోడ మీద నాచు బొమ్మ అంటించి దాని మీద ఎర్రగా అడ్డగీత కొట్టారు. బల్ల దగ్గర గుమాస్తా ఒక్కడే ఉన్నాడు, భోజనం చేస్తున్నాడు.

"సార్ లేరు. మీటింగ్‌కి వెళ్ళారు."

"ఏం మీటింగ్ బాబూ?"

"నాచు మీటింగే."

అక్క బల్ల దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది. గుమాస్తా డబ్బాలో దోసకాయ ముక్కల మధ్య పచ్చగా, జారుగా, రిబ్బనులా మెరుస్తూ అదే. గోడ మీద అడ్డగీత కింద ఉన్నదే. పక్కన చింపిన ప్యాకెట్టు కూడా ఉంది.

"ఏంటది?"

"సలాడమ్మా."

"ఆ పచ్చగా ఉన్నది?"

గుమాస్తా గోడవైపు చూశాడు, డబ్బావైపు చూశాడు, మూత వెతుక్కున్నాడు. "ఇది... ఇది దిగుమతి సరుకమ్మా. కొట్లో కొన్నది. ఇది వేరు."

"మా తెప్ప మీదుంటే?"

"అది నేరం."

"అంటే ఓడ లోపల కూర్చుని వస్తే సరుకు. ఓడ కింద వేలాడుతూ వస్తే శత్రువు. దాని చేతిలో మునిగేదాన్ని నేను దొంగని. అంతేనా?"

గుమాస్తా చెడ్డవాడు కాదు, నోట్లో ముద్ద ఉన్నవాడు. నమలడం మానలేక, మింగలేక అవస్థ పడ్డాడు. అక్క కాస్త తగ్గింది.

"తిను బాబూ, తిను. ఒకటే అడుగుతాను. తియ్యకూడదు, మొయ్యకూడదు, ఉంచుకోకూడదు, అమ్మకూడదు అన్నారు. తినకూడదని ఉందా?"

అతను మింగాడు. "తినకూడదని... ఎక్కడా లేదమ్మా."

బయటికొచ్చాక అక్క నవ్వింది. చాలా రోజుల తర్వాత చూశాను ఆ నవ్వు. కానీ సంతోషపు నవ్వు కాదది, గిన్నెలో నీళ్ళు మరిగే ముందు అడుగున బుడగ వస్తుందే, అలాంటిది.

మర్నాడు పొద్దున్నే మేం ముగ్గురం తెప్ప మీద బోర్లా పడుకున్నాం. కత్తి లేదు. బుట్ట లేదు. తాడు మాదే కాబట్టి తాడును అంచుదాకా ఎత్తి వాసానికి చుట్టాం. ఇక తలలు కిందికి వంచి, నాచు నీళ్ళలో ఉండగానే, మేకల్లాగా పళ్ళతో కొరికి మేశాం.

"ఏంట్రా అది?" అని మామ తన పడవలోంచి అరిచాడు.

"మేస్తున్నాం మామా!"

"మనుషులేనా మీరు?"

"మనుషులు తీస్తే నేరమట. మేకల సంగతి ఎవరూ చెప్పలేదు!" అంది అక్క నోటినిండా నాచుతో.

మామ కట్టుడుపళ్ళు సర్దుకున్నాడు. వచ్చి మా పక్కన పడుకున్నాడు. మధ్యాహ్నానికి మిగతా తెప్పల వాళ్ళూ వచ్చారు. ఐసు షెడ్డు ఆడవాళ్ళు భోజనం వేళకి పడవ కట్టించుకుని వచ్చారు. తెప్ప పట్టక కొందరు పడవల్లోంచే మెడలు చాపారు. పైన ఎగిరే కొంగలు ఇదేదో కొత్త జాతి అనుకుని మా పక్కన వాలి, సంగతి తెలిసి సిగ్గుపడి లేచిపోయాయి. నా గడ్డం పచ్చబడింది. సాయంత్రం వీధిలో వెళ్తుంటే ఒక నిజం మేక నన్ను చూసి, ఇంటిదాకా వెంటపడింది.

రుచి గొప్పదే, కాదనను. కానీ ఏ రుచైనా మూడు పూటలా దవడలు నొప్పెట్టేలా మేస్తే ఎలా ఉంటుంది? పైగా మొదలు దగ్గరుండే ఆ కుచ్చిళ్ళు తోలు చెప్పుకంటే గట్టి. వాటి దగ్గర మామ కట్టుడుపళ్ళు ఊడి నీళ్ళలో పడ్డాయి. సముద్రానిది సముద్రానికే అనుకున్నాడు పాపం. అయినా తెప్ప తేలిందా? ఒక తాడు మేసి రెండో తాడుకి వెళ్ళేసరికి మొదటిది మళ్ళీ మొలిచేది. కింద తగ్గిన బరువు పైన మా బావ పొట్టలో చేరేది. తెప్పకి లాభమూ లేదు, నష్టమూ లేదు.

"ఒసేయ్, ఇక నా వల్ల కాదు," అన్నాడు బావ ఒక రోజు, వెల్లకిలా తిరిగి. "కలలో కూడా నములుతున్నాను."

"నమలవయ్యా. మన తెప్ప మునిగితే నమలడానికి అదీ ఉండదు."

అక్క ఇంకో తాడు అందుకుంది. ఆమె చేతులు చూశాను. ఉప్పునీళ్ళకి నాని తెల్లబడి, అచ్చం ఐసు షెడ్డు రోజుల్లోలా ఉన్నాయి. ఇంత బతుకూ బతికి, తన పంటని తను కాపాడుకోవడానికి ఒక మనిషి పశువులా మేయాలా? కత్తి ఉంది, చేతులున్నాయి, గట్టు ఉంది. లేనిది ఊ అనే నోరు ఒక్కటే.

మేం మేస్తున్న కబురు ఆఫీసుకి చేరింది. మర్నాడు ఎండ నడినెత్తికొచ్చే వేళకి ఇస్త్రీ ఆఫీసరు పెద్ద లాంచీలో వచ్చాడు. లాంచీ వెనకాల ఇనప కొక్కెం, లావుపాటి మోకు. రేవంతా తెప్పలు, పడవలు, తలలు.

"ఈ తెప్ప వంగిపోయింది. రాకపోకలకి ప్రమాదం. లాక్కెళ్ళి జప్తు చేస్తున్నాం. అందరూ దిగండి."

అందరూ పడవల్లోకి దిగారు. అక్క దిగలేదు. అక్క దిగలేదని బావ దిగలేదు. బావ దిగలేదని నేనూ ఆగాను.

"లాక్కెళ్తే తాళ్ళూ వస్తాయి, తాళ్ళతో నాచూ వస్తుంది," అంది అక్క. "గట్టుకి మొయ్యడం నేరం కాదా సార్?"

"మేం మోస్తే వేరమ్మా."

"అవునులెండి. మీరు మోస్తే దిగుమతి."

పడవల్లో గొల్లుమన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లాంచీ డ్రైవరు వైపు తిరిగి, "వెనక్కి పోనీ, మోకు కట్టు," అన్నాడు.

డ్రైవరు మా రేవువాడే. "సార్, వెనకాలంతా నాచే. ఇంజను ఫ్యాను తిరగదు," అన్నాడు.

"చెప్పింది చెయ్యి."

చేశాడు. నీళ్ళ కింద ఫ్యాను తిరిగింది. చుట్టూ ఉన్న నాచునంతా జడ అల్లినట్టు అల్లుకుంది. ఆ జడ కొస మా తెప్ప మూల తాళ్ళలోనే ఉంది. ఇంజను ఒక్కసారి ముక్కి, నల్లటి పొగ వదిలి, ఆగిపోయింది. ఆగిన లాంచీని గాలి పక్కకి నెట్టింది. అది కొట్టుకుపోతున్నకొద్దీ జడ బిగిసింది, బిగిసినకొద్దీ మా తెప్ప మూలని కిందికి లాగింది. ఇంకో పీపా మునిగింది. వాసాలు ఫెళఫెళమన్నాయి. నేను జారి బావ పొట్టకి తగిలి ఆగాను. ఆ పొట్టే లేకపోతే ఈ కథ చెప్పడానికి ఉండేవాణ్ణి కాను.

"సార్, కొయ్యాలి!" అని అరిచింది అక్క. "తెప్ప తిరగబడిపోతుంది!"

ఆయన ఫోను తీశాడు. "ఉండమ్మా, పైవాళ్ళని అడగాలి."

"పైవాళ్ళు పైనున్నారు సార్, కిందికి పోతున్నది మనం!"

ఫోను మోగుతూనే ఉంది, అవతల ఎవరూ ఎత్తలేదు. జడ అటు తెప్పని లాగినట్టే ఇటు లాంచీ తోకనీ లాగింది. వెనక బల్ల మీదికి నీళ్ళొచ్చాయి. ఆయన బూట్లు తడిశాయి. ప్యాంటు మడత తడిసింది. ఆయన చొక్కా నలగడం మా రేవు మొదటిసారి చూసింది.

"కొయ్యండి!" అన్నాడు.

అప్పటికే అక్క చేతిలో కత్తి ఉంది. నడుం దగ్గర ఎప్పుడు దోపుకుందో నాకూ తెలీదు. ఐసు షెడ్డు కత్తి, చేపని తలనుంచి తోకదాకా ఒక్క గీతలో చీల్చేది. నీళ్ళలోకి దూకింది. బావ ఇంత పొట్టతోనూ వెనకే దూకాడు. ఆ దూకుడికి లేచిన అలకి పడవలన్నీ ఓ మూర పైకి లేచి దిగాయి. మామ దూకాడు, నేనూ దూకాను. జడ తెగింది. తెప్ప మూల ఒక్కసారిగా పైకి లేచింది. లాంచీ తోకా లేచింది.

మా అందరి చేతుల్లోనూ మోపులు మోపులు నాచు. మామ అలవాటు కొద్దీ తన మోపుని నీళ్ళలోకి విసరబోయాడు.

"నీళ్ళలో వెయ్యొద్దు!" అని గావుకేక పెట్టాడు ఆఫీసరు. "బీజాలు! నీళ్ళలో వేస్తే పాకుతుంది!"

మామ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "మరెక్కడ వెయ్యమంటారు బాబూ?" అన్నాడు బోసినోటితో.

ఆయన చుట్టూ చూశాడు. మా పడవల్లో వేస్తే మేం మోసినట్టు. తెప్ప మీద వేస్తే మేం ఉంచుకున్నట్టు. నీళ్ళలో వేస్తే పాకినట్టు. మేం నీళ్ళలో తేలుతూ, మోపులు నెత్తికెత్తుకుని ఆయన మొహం వైపే చూస్తున్నాం. ఎవరం నవ్వలేదు. అక్క మాత్రం నెమ్మదిగా అంది:

"చెప్పండి సార్. ఇన్నాళ్ళూ మేమడిగింది ఇదే."

ఆయన తన కాళ్ళ దగ్గరున్న లాంచీ బల్లల వైపు చూశాడు. వెడల్పుగా, కడిగి, ఖాళీగా ఉన్నాయవి.

"ఇక్కడ వెయ్యండి."

"గట్టిగా సార్. వెనక పడవలకి వినబడలేదు," అంది అక్క.

"ఇక్కడ వెయ్యండన్నాను!"

ఇంకేముంది. మా రేవుకి అంత ముద్దొచ్చే ఆజ్ఞ ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. ప్రతి పడవలోంచీ కత్తులు బయటికొచ్చాయి. మూల తాళ్ళతో ఆగలేదు, తెప్ప మొత్తం మీద పడ్డాం. "ఫ్యానుకి చుట్టుకున్నది చాలమ్మా, మిగతావి..." అని ఆయన అంటూనే ఉన్నాడు, ఆయన మోకాళ్ళదాకా నాచొచ్చింది. "అన్నీ ఒకే జడలోవి సార్, ఎక్కడ ఆపాలో మీరే చూపించండి," అని అక్క కోస్తూనే ఉంది. ఆయన చూపించలేకపోయాడు. నడుందాకా వచ్చింది. కాసేపయ్యేసరికి మాకు లాంచీ కనబడలేదు, ఒక పచ్చటి కొండా, దాని మీద ఆఫీసరు టోపీ ఒకటీ కనబడుతున్నాయి. ఇది మాత్రం కోత కాదు, అడగండి డ్రైవరుని.

పీపాలు ఒక్కొక్కటే నీళ్ళు దులుపుకుని పైకొచ్చాయి. తెప్ప సమంగా నిలబడింది. తాళ్ళు బయటపడ్డాక లెక్క తేలింది. అందాజుగా సగం ఆల్చిప్పలు నోళ్ళు తెరిచి ఉన్నాయి, సగం గట్టిగా మూసుకుని ఉన్నాయి. మూసుకున్నవి బతికినవి. అక్క ఒక ఖాళీ గుత్తి పట్టుకుని లాంచీ పక్కకి ఈదింది. దాన్ని ఆయన చేతిలో పెట్టింది.

"ఇవి పరిశీలనలో పోయినవి సార్," అంది.

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే ఉంచుకున్నాడు. తప్పయిందని ఒక్క మాట అంటాడేమోనని చూశాం. అనలేదు. "ఇంజను కాలిపోయింది. కాస్త రేవుదాకా లాగుతారా?" అన్నాడు.

తెప్పని లాక్కెళ్ళడానికి తెచ్చిన మోకుతోనే లాంచీని మా పడవకి కట్టి లాక్కెళ్ళాం. గట్టు నిండా జనం. కొట్టువాడు కూడా గల్లా వదిలి వచ్చి నిలబడ్డాడు. జెట్టీ దగ్గరపడుతుంటే ఆఫీసరు డ్రైవరు చెవిలో ఏదో అన్నాడు. వాడు టార్పాలిన్ తీసి కొండ మీద పరచబోయాడు.

"ఎందుకురా అది?" అంది అక్క మా పడవలోంచి.

"అందరూ చూస్తారట అక్కా."

అక్క మోకు పట్టుకుని లాంచీ మీదికెక్కింది. టార్పాలిన్ కొస పట్టి ఒక్క గుంజు గుంజింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆఫీసరు పక్కన బల్ల మీద వేసి, దాని మీద కూర్చుంది. ఒళ్ళంతా ఉప్పునీళ్ళు కారుతున్నాయి.

"చూడనీ," అంది. "ఒరేయ్ కోతలోడా, బుట్టలు పట్రా. దింపేశాక మామ తెప్పకి పోవాలి, ఆయన పీపాలు ఇంకా మునిగే ఉన్నాయి. సార్, మీరూ రండి, మీ బల్లలు కావాలి."